పాలు ముట్టని పిల్లకు మన బంతిలో చోటు

గత మాసమున మన సంఘపు కల్యాణ మండపములో జరిగిన సమారాధనకు వచ్చినవారిలో పెక్కుమంది ఒక దృశ్యమును గమనించియే యుందురు. మూడవ బంతిలో కూర్చున్న ఒక యువతి విస్తరిలో అన్నము, చింతపండు పులుసు, ఆవకాయ తప్ప మరేమియు లేదు. పప్పులో ముందుగనే నెయ్యి కలిపినారు. కూరలో పెరుగు పోసినారు. వంటవారి ఉత్సాహమేమో గాని, ఆనాడు పులిహోరకు సైతము నేతితోనే పోపు పెట్టినారు. పాయసము, దద్ధోజనముల సంగతి చెప్పనక్కరలేదు. వడ్డించువారిలో ఒకరు "ఏమమ్మా, ఉపవాసమా?" అని అడిగిరి. మరియొకరు "ఒంట్లో బాగులేదా తల్లీ?" అని అడిగిరి. ఎదుటి వరుసలో నున్న ఒక పెద్దమనిషి మాత్రము "అది ఈ కాలపు పిచ్చి లెండి" అని అందరికిని వినబడునట్లు పలికినారు. ఆ యువతి నా మేనకోడలు. ఆ పెద్దమనిషి నాకు చిరకాల మిత్రులు. కనుక ఈ విషయమును గూర్చి నేను వ్రాయక తప్పినది కాదు.

మేనకోడలి పక్షమున వాదించుచున్నానని ఎవరైన తలచినచో, నా స్వలాభము ఎదుటి పక్షముననే యున్నదని మనవి చేయుచున్నాను. మా యింట మూడు తరములుగా నేతి వర్తకము సాగుచున్నది. ఊత్తుకుళి వెన్న కోయంబత్తూరు బజారునకు వచ్చినంత కాలము మా అంగడి తలుపు తెరచియే యుండును. కిలో నేతికి ఆవుపాలైనచో సుమారు 25 లీటర్లు, చిక్కని గేదెపాలైనచో 14, 15 లీటర్లు కావలయును. ఈ లెక్క తెలిసిన వర్తకుడు చౌక నేతిని చూచి నవ్వుకొనును గాని కొనడు. (ఇది వేరే వ్యాసమునకు తగిన సంగతి.) నెయ్యి మానుమని నేనెవరికి చెప్పినను నా గల్లాపెట్టెకే నష్టము.

ఇంతకును మా పిల్ల చేసిన పని యేమి? మాంసము మన యింట ఎన్నడును లేదు. ఆమె పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడ మానినది. పట్టు, తోలు ధరించుట మానినది. దీనికి ఇంగ్లీషువారు వీగనిజము అని పేరు పెట్టినారు. 1944లో డోనాల్డ్ వాట్సన్ అను నాయన, శాకాహారి అను అర్థమునిచ్చు వారి మాటలో మొదటి అక్షరములను, చివరి అక్షరములను కలిపి వీగన్ అను పదమును కూర్చినాడు. శాకాహారములోనే పాలను కూడ చేర్చుకొనుట మన దేశపు అలవాటు. పొట్లములపై పచ్చ చుక్క యున్నచో అందులో పాలుండవచ్చును, తేనె యుండవచ్చును. అందుచేతనే 2022లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థవారు వీగన్ ఆహారములకు ప్రత్యేక నిబంధనలు చేసి, వేరొక చిహ్నమును ఏర్పరచినారు. అంతకు ముందటి యేడే సోయా మొదలగు పానీయముల పేర్లలో 'పాలు' అను మాట కూడదని యాదేశించినారు. మన కొబ్బరిపాలకు మాత్రము ఆ బాధ తప్పినది. దీనినిబట్టి ఇట్టివారు మా యింట ఒక్కతెయే కాదనియు, ప్రభుత్వము చట్టము చేయవలసినంత మంది యున్నారనియు తెలియుచున్నది.

మిత్రులు దీనిని పిచ్చి యనిరి. నాకు మా నాయనమ్మగారు జ్ఞప్తికి వచ్చినారు. ఆమె కాశీయాత్ర చేసి వచ్చినప్పుడు, ఆచారము ననుసరించి ఒక కూరను, ఒక పండును గంగలో విడిచి వచ్చినారు. కూర పొట్లకాయ, పండు జామ. ఆ తరువాత ఆమె జీవించిన కాలమంతయు, ఏ బంధువుల యింటికి వెళ్ళినను "అత్తగారు పొట్లకాయ ముట్టరు" అని వంటయింటి వరకును కబురు ముందే వెళ్ళెడిది. ఎందుకు విడిచితివని అడిగినవారు లేరు. ఇప్పటికిని కార్తికమున ఉల్లి మానిన వారికి మన మండపములోనే వేరు గిన్నెలో వండుచున్నాము. ఏకాదశి ఉపవాసము చేయువారికి పండ్లు పంపుచున్నాము. ఈ ఊరి గుజరాతీ జైనులు దుంపకూరలు తినరని వంట కాంట్రాక్టుదారులందరికిని తెలియును. అడుగకముందే వారు వేరుగా చేయుదురు. విడుచుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. క్రొత్తయైనదెల్ల ఆ జాబితాలో పాలు చేరుటయే.

పాలు సామాన్య వస్తువు కాదని నేనును ఒప్పుకొందును. గృహప్రవేశమున పాలు పొంగింతుము. నాగులచవితికి పుట్టలో పోయుదుము. హోమమునకు నెయ్యి, అభిషేకమునకు పంచామృతము, వరునికి మధుపర్కము. తిరుపతి లడ్డులో నెయ్యి, పళని పంచామృతములో నెయ్యి, తేనె. ప్రసాదమును కన్నులకద్దుకొని పక్కవారికిచ్చు పిల్లను చూచి, దేవుని తిరస్కరించినదని పెద్దలు నొచ్చుకొనుట సహజమే. మన యిండ్లలో అతిథి రాగానే లోపలినుండి వచ్చు మొదటి మాట కాఫీ. దానిని వలదనుట గృహిణిని వలదనుటగా నెంచబడును. ఈ చిక్కులు విస్తరిలో కంటె గుమ్మములోనే ఎక్కువ.

ఈ చిక్కు ఎంతవరకు వెళ్ళినదో చెప్పెదను. రెండేండ్ల క్రిందట సేలమునుండి మా పిల్లకు ఒక సంబంధము వచ్చినది. మంచి కుటుంబము, పేరు చెప్పను. పెండ్లిచూపులనాడు ఆమె తానే కాఫీ కలిపి అందరికిని ఇచ్చినది, తాను త్రాగలేదు. వరుని తల్లి కారణమడుగగా దాచక చెప్పినది. "పట్టుచీర కట్టవు, పాలు పొంగించవు, రేపు మా యింట ఏ శుభకార్యము చేయగలవమ్మా?" అని ఆమె ప్రశ్న. సంబంధము తప్పినది. తప్పుటకు నేను చింతింపలేదు. పిదప నాలుగు నెలలకు ఈరోడులో ఒక వివాహమున, ఆ పిల్లకేదో ఉదరవ్యాధి యున్నదనియు, వైద్యులు పాలు నిషేధించినారనియు, తల్లిదండ్రులు దాచుచున్నారనియు విన్నాను. ఆ మాట మన సంఘ సభ్యుల నోటనే విన్నాను. ఒక పిల్ల నియమము పాటించినచో రోగమంటగట్టుట ఎక్కడి న్యాయము?

ఆ వియ్యపురాలు కానున్న తల్లి అడిగిన ప్రశ్నలో పట్టును గూర్చిన భాగమునకు మాత్రము మన యాచారమే సమాధానము చెప్పుచున్నది. ముహూర్త సమయమున వధూవరులు కట్టునవి మధుపర్కములు. అవి అంచుగల తెల్లని నూలుబట్టలు. కంచిపట్టు మన పూర్వులు ఈ దేశమునకు వచ్చిన పిదప ఐశ్వర్యముతో పాటు పెరిగిన ముచ్చట గాని మంత్రములోని విధి కాదు. పట్టు కావలెనన్నను మార్గమున్నది. పురుగు గూటిలో నుండగనే వేడికి చంపి దారము తీయుట సామాన్య పద్ధతి. చిలుక గూడు వీడి వెళ్ళిన పిదప మిగిలిన దానిని వడికి పట్టు చేయు పద్ధతిని చేనేత రంగమున పనిచేసిన మన తెలుగువారే, కుసుమ రాజయ్యగారు, ప్రచారమునకు తెచ్చినారు. దారము తెగి యుండును గనుక వడుకవలసి వచ్చును. మెరుపు తక్కువ, వెల ఎక్కువ. అయినను అది పట్టే.

ఇంతవరకు పెద్దల తప్పు చెప్పితిని. పిన్నల తప్పును చెప్పకున్నచో పక్షపాతమగును. మా నాన్నగారి ఆబ్దికమునాడు మా అమ్మగారు, మోకాళ్ళ నొప్పితోనే, తెల్లవారుజామున లేచి పరమాన్నము వండినారు. భోక్తలు లేచిన పిదప మనుమరాలి విస్తరిలో ఆమె తన చేతితో వడ్డింపబోగా, ఈ పిల్ల "అమ్మమ్మా, అది దూడ నోటినుండి దొంగిలించినది" అన్నది. గరిట చేతిలో నట్లే యుండిపోయినది. మా అమ్మ ఆనాడు భోజనము చేయలేదు. ఆమె దూడలకు కడుపునిండ విడిచిన పిమ్మటనే పాలు పితికిన కాలమును చూచిన మనిషి. మా పిల్ల మాటలో సత్యము లేదనను. మగదూడల గతి యేమగుచున్నదో పాల వర్తకముతో సంబంధమున్న నాకు తెలియును; దానిని గూర్చి మేము బజారులో మాటలాడుకొనము. అయినను ఆ సత్యమును చెప్పుటకు ఆబ్దికపు విస్తరి చోటు కాదు. ఆమె ఆ సాయంకాలమే అమ్మమ్మగారి పాదములు పట్టుకొని క్షమాపణ కోరినదని కూడ వ్రాయుట న్యాయము.

గాంధీమహాత్ముడును ఈ మార్గమున నడచి తొట్రుపడినవాడే. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ క్షేత్రమున, 1912లో, కాలెన్‌బాక్‌తో కూడి పాలు మానినాడు. పాడిపశువులను హింసించి పాలు పిండు రీతిని గూర్చి వినుటయు అందుకొక కారణము. 1918లో ఖేడా పోరాటము పిదప జబ్బుపడి ప్రాణాపాయమునకు వచ్చినప్పుడు, ఆవుపాలు, గేదెపాలు వలదంటిరి గాని మేకపాలకేమి అభ్యంతరమని కస్తూరిబా అడిగినది. ఆయన లొంగినాడు. వ్రతము మాట నిలిచినది గాని దాని ఆత్మ చెడినదని ఆయనయే తన ఆత్మకథలో బాధపడినాడు. అంతటివానికే మేక యొకటి అడ్డుపడినప్పుడు, ఇరువది యారేండ్ల పిల్లనుండి నిర్దోషమైన నడవడిని కోరుట మనకు తగదు. అట్లే అంతటివాడు పడిన జబ్బును ఆ పిల్లయు మరువరాదు.

ఆరోగ్యము విషయమున నిర్లక్ష్యము పనికిరాదు. సున్నపు ధాతువునకు పాలొక్కటియే గతి యనుట నిజము కాదు. 100 గ్రాముల ఆవుపాలలో అది సుమారు 120 మిల్లీగ్రాములుండగా, రాగులలో 340కి పైగా నున్నది. నువ్వులలో అంతకు మించి యున్నది. వాటినుండి ఒంటబట్టుట కొంత తక్కువైనను, రాగిసంకటి, నువ్వులపొడి తినువారికి కొరత రాదు. విటమిన్ బి12 సంగతి మాత్రము వేరు. అది మొక్కల ఆహారమునుండి నమ్మదగినట్లు లభింపదు. పాలు మానినవారు మాత్ర రూపమున గాని, చేర్చిన ఆహారమున గాని దానిని తీసికొని తీరవలెను. లేనిచో రక్తము క్షీణించును, నరములు దెబ్బతినును. గర్భిణులు, పసిబిడ్డల విషయమున వైద్యుని యడుగక ఏమియు చేయరాదు. మా పిల్ల మొదటి సంవత్సరము ఈ మాట వినలేదు. కాళ్ళు తిమ్మిరులెక్కిన తరువాత విన్నది. మరియొక మాట: నెయ్యి వలదన్నారు గదా యని వంటవారు వనస్పతి పోయుదురు. అది మొక్కలదే, కాని గుండెకు చెరుపు చేయు కొవ్వు దానిలో చేరుటచేతనే 2022 నుండి ప్రభుత్వము దానికి నూటికి 2 పాళ్ళ హద్దు విధించినది. అట్టి ఉపకారము కంటె నువ్వులనూనె మేలు.

నిజము చెప్పవలెనన్న మన వంటయిల్లు ఈ పరీక్షకు చక్కగా నిలుచును. ఉగాది పచ్చడి, శ్రీరామనవమి పానకము, వడపప్పు, నువ్వులనూనెతో కలిపిన పులిహోర, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, పచ్చిపులుసు, నూనెలో వేచిన అరిసెలు, నువ్వుండలు. వీనిలో పాలచుక్క లేదు. కొబ్బరిపాలతో బెల్లము పాయసము వండుట ఈ నాటివారు మనకు నేర్పినదే. కావలసినది క్రొత్త వంట కాదు. వడ్డనకు ముందు నెయ్యి కలుపకుండుట. నెయ్యిని విస్తరిలో పోయుటయే పూర్వ పద్ధతి. కలిపి తెచ్చుట వడ్డించువారి శ్రమ తగ్గించుటకు కాంట్రాక్టుదారులు తెచ్చిన అలవాటు. వర్తకునిగా చెప్పుచున్నాను, దీనివలన నేతి ఖర్చు తగ్గదు, హెచ్చును.

కొందరు సభ్యులు "ఇద్దరు ముగ్గురి కొరకు ఇంత యేర్పాటా?" అనిరి. 2006లో తమిళమును నిర్బంధముగా నేర్పు చట్టము వచ్చినప్పుడు, మన పిల్లలకు మాతృభాషలో పరీక్ష వ్రాయు అవకాశముంచుమని మనవంటి అల్పసంఖ్యాకులు అధికారుల గదులకును, న్యాయస్థానములకును తిరిగినారు. అప్పుడు ఒక అధికారి మాతో పలికిన మాటయు ఇదే: "ఇంత కొద్దిమంది కొరకా?" ఆ మాట విని ఇంటికి వచ్చిన రాత్రి నాకు నిదుర పట్టలేదు.

రాబోవు కార్యవర్గ సమావేశమున నేనొక తీర్మానము ప్రవేశపెట్టదలచితిని. సమారాధనలలో పప్పు, పులిహోర, ఒక కూర, ఒక తీపి నెయ్యి, పెరుగు తగులకుండ వండవలెను. వాని పేర్లు వడ్డన గది తలుపుపై తెలుగున వ్రాసి యంటింపవలెను. పాలు మానినవారు రెండు దినములు ముందుగా కార్యదర్శికి తెలుపవలెను. బంతిలో కూర్చున్న పిదప వంటవారిని ప్రశ్నింపరాదు. ఖర్చు అధికమైనచో ఈ సంవత్సరమునకు నేను భరింతును. నేతి డబ్బాలు ఎప్పటివలెనే మా అంగడినుండియే వచ్చును. ఆ నాలుగు గిన్నెలకు వేరు గరిటెలు కొనవలసియున్నది. వానిని మా అమ్మగారు తానే కొనియిచ్చెదనని చెప్పినారు.