రూగర్ మీద బెరెట్టా కన్ను: యజమాని మారితే కార్మికుడి లెక్క ఏ కాగితంలో ఉంటుంది?

ధవళేశ్వరం: అమెరికాలో పేరున్న తుపాకుల కంపెనీ స్టర్మ్ రూగర్. ఇటలీకి చెందిన పోటీ కంపెనీ బెరెట్టా 2025లో దాని షేర్లు మెల్లమెల్లగా కొంటూ పోయింది. సెప్టెంబర్‌లో విషయం బయటపడేసరికి బెరెట్టా వాటా 7.7 శాతం. తర్వాత అది 9.95 శాతానికి చేరింది, అంటే పది శాతానికి వెంట్రుకవాసి దూరం. అక్టోబర్‌లో రూగర్ బోర్డు గేటు వేసేసింది. ఇకపై ఎవరైనా పది శాతం దాటితే వాళ్ళ వాటా విలువ పడిపోయేలా ఒక రూల్ తెచ్చింది. మార్కెట్ భాషలో దీన్ని ‘పాయిజన్ పిల్’ అంటారు, అంటే విషపు గుళిక.

బెరెట్టా చిన్నాచితకా కంపెనీ కాదు. 1526లో ఆ కుటుంబ పెద్ద వెనిస్ రాజ్యానికి 185 తుపాకీ గొట్టాలు అమ్మిన లెక్క కాగితం మీద ఉంది. పానిపట్టులో బాబర్ గెలిచిన సంవత్సరం అది. అప్పటి నుంచి వ్యాపారం ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. రూగర్ వయసు దానితో పోలిస్తే తక్కువే. 1949లో కనెక్టికట్ రాష్ట్రంలో బిల్ రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ అనే ఇద్దరు కలిసి పెట్టారు. ఇప్పుడది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉంది. మెజారిటీ వాటా ఉన్న కుటుంబం ఏదీ లేదు. అప్పు లేదు. కొనేవాళ్ళకి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

పైగా ధర తగ్గిన సమయం. అమెరికాలో తుపాకుల గిరాకీ రాజకీయాల్ని బట్టి, భయాన్ని బట్టి ఎక్కుతుంది, దిగుతుంది. కోవిడ్ కాలంలో జనం ఎగబడి కొన్నారు. 2021లో రూగర్ అమ్మకాలు 73 కోట్ల డాలర్లు. 2024కి అవి 53.5 కోట్లకు పడిపోయాయి. ఇలా మార్కెట్ చల్లబడినప్పుడే పెద్ద కంపెనీలు పక్కవాడి దుకాణం వైపు చూస్తాయి. రూగర్ కూడా ఊరికే కూర్చోలేదు. 2025 వేసవిలోనే కెంటకీ రాష్ట్రంలో ఆండర్సన్ అనే మరో తుపాకుల కంపెనీ ఫ్యాక్టరీని కొనేసింది.

ఈ విషపు గుళిక ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. కంపెనీలో మొత్తం 100 షేర్లు ఉన్నాయనుకోండి. బయటివాడు అందులో 10 కొన్నాడు. గీత దాటగానే మిగతా 90 షేర్లున్న వాళ్ళందరికీ ఒక్కో షేర్‌కి ఇంకో షేర్ చాలా తక్కువ ధరకి ఇచ్చేస్తారు. బయటివాడికి మాత్రం ఇవ్వరు. ఇప్పుడు మొత్తం షేర్లు 190 అయ్యాయి. బయటివాడి దగ్గర పదే ఉన్నాయి. పది శాతం కాస్తా అయిదు శాతం చిల్లరకి పడిపోయింది. దీన్ని నిజంగా వాడాల్సిన అవసరం సాధారణంగా రాదు. భయపెట్టడానికే అది. కంట్రోల్ కావాలంటే దానికి తగిన ధర పెట్టు, షేర్లు దొంగచాటుగా పోగేసుకోవద్దు అని చెప్పడమే దాని ఉద్దేశం. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ గుళికే ఇప్పుడున్న బోర్డు సభ్యుల కుర్చీలను కూడా కాపాడుతుంది. అది వాళ్ళు పైకి చెప్పరు.

కనెక్టికట్‌లో ఎవరో ఎవరినో కొంటే గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకి ఎందుకు అని అడగొచ్చు. తుపాకుల సంగతి పక్కన పెడితే, పాత కంపెనీని పోటీ కంపెనీ కొనడం ఇక్కడ చూడని వ్యవహారం కాదు. పక్కనే రాజమండ్రిలో పేపర్ మిల్లు పదేళ్ళలోపే రెండుసార్లు చేతులు మారింది.

1920లలో కర్నాటిక్ పేపర్ మిల్లుగా మొదలైన ఈ మిల్లు 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అయింది. 2011లో అమెరికా దిగ్గజం ఇంటర్నేషనల్ పేపర్ వచ్చింది. ఎల్.ఎన్. బంగూర్ కుటుంబం నుంచి 53.5 శాతం నేరుగా కొంది. ఇంకో 21.5 శాతం మామూలు వాటాదారుల నుంచి ఓపెన్ ఆఫర్‌లో తీసుకుంది. మొత్తం 75 శాతం. ఈ డీల్‌లో పెద్ద పేచీ ఒకటి వచ్చింది. షేర్ల ధర కాకుండా, మళ్ళీ ఈ వ్యాపారంలో మీకు పోటీ రాము అని రాసిచ్చినందుకు పాత యజమానులకు వేరే ఫీజు ముట్టింది. కోట్ల డాలర్ల ఫీజు అది. ఒకే కంపెనీ షేర్ అయినప్పుడు పెద్దవాళ్ళకి ఒక రేటు, పది షేర్లున్న రిటైర్డ్ టీచర్‌కి ఇంకో రేటా? విషయం సెబీ దాకా వెళ్ళింది.

ఇందులో తేదీల తమాషా ఒకటుంది. మిల్లు కొనుగోలు పూర్తయింది 2011 అక్టోబర్ 14న. సెబీ కొత్త టేకోవర్ రూల్స్ అమల్లోకి వచ్చింది అక్టోబర్ 22న. అంటే సరిగ్గా ఎనిమిది రోజుల తేడా. ఆ కొత్త రూల్స్ ప్రకారం పోటీ రాననే ఫీజు ఇచ్చినా, దాన్ని చిన్న వాటాదారులకిచ్చే ధరలో కలిపి లెక్క కట్టాల్సిందే. పాత రూల్స్‌లో 15 శాతం దాటితే ఇంకో 20 శాతానికి ఆఫర్ పెట్టాలి. ఇప్పుడు 25 శాతం వాటా చేరగానే కనీసం ఇంకో 26 శాతానికి ఓపెన్ ఆఫర్ తప్పనిసరి. అమెరికాలో బోర్డు గుళిక తయారు చేసుకుంటే, మన దగ్గర ఆ పని చట్టమే చేస్తుంది. కాకపోతే మన చట్టం కొనేవాడిని ఆపదు. కొనేటప్పుడు చిన్నవాళ్ళకి కూడా న్యాయమైన ధర పెట్టమంటుంది.

2019లో రెండో మార్పు వచ్చింది. ఈసారి కొన్నది అచ్చంగా పోటీ కంపెనీయే. కర్ణాటక దాండేలిలో మిల్లు ఉన్న వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్. దాని యజమానులు ఎస్.కె. బంగూర్ వర్గం, అదే బంగూర్ కుటుంబంలో ఇంకో శాఖ. ఇంటర్నేషనల్ పేపర్ సుమారు 55 శాతాన్ని షేర్‌కి 275 రూపాయల చొప్పున అమ్మేసింది. అప్పటికి మార్కెట్ ధర దానికంటే పైన ఉంది కాబట్టి, రూల్ ప్రకారం మామూలు వాటాదారులకి ఓపెన్ ఆఫర్‌లో 275 కంటే ఎక్కువే ఇవ్వాల్సి వచ్చింది. చిన్నవాడికి పెద్దవాడికంటే ఎక్కువ రేటు రావడం రోజూ జరిగేది కాదు. అక్కడ చట్టం పనిచేసింది. 2020 జనవరిలో కంపెనీ పేరు ఆంధ్ర పేపర్ లిమిటెడ్‌గా మారింది.

వాటాదారుల వరకు లెక్క బాగానే ఉంది. మరి మిల్లులో షిఫ్టుకి వెళ్ళే మనిషి సంగతేంటి?

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఒక ఫ్యాక్టరీని ఫ్యాక్టరీగా, అంటే స్థలం, యంత్రాలు, వ్యాపారం కలిపి ఒక కంపెనీ ఇంకో కంపెనీకి అమ్మితే కార్మిక చట్టం అడ్డొస్తుంది. సర్వీసు తెగకుండా, జీతం తగ్గకుండా కొత్త యజమాని తీసుకోవాలి. లేదంటే పరిహారం ఇవ్వాలి. అదే షేర్లు అమ్మితే? చట్టం దృష్టిలో యజమాని మారనే లేదు. కంపెనీ అదే, రిజిస్ట్రేషన్ నంబర్ అదే, అపాయింట్‌మెంట్ లెటర్ అదే. పైన కూర్చున్నవాళ్ళు మాత్రమే మారారు. కాబట్టి కార్మికుడికి పరిహారం లేదు, సంతకం లేదు, ముందుగా అడిగేవాడూ లేడు. సౌదీలోనో కువైట్‌లోనో పనిచేసి వచ్చినవాళ్ళకి ఈ తేడా తొందరగా అర్థమవుతుంది. అక్కడ కఫీల్ మారితే అకామా మారాలి, మార్పు చేతిలో కాగితంగా కనిపిస్తుంది. షేర్ల అమ్మకంలో ఆ కాగితమే ఉండదు. కొత్త యజమాని మనసు ఏంటో తెలిసేది తర్వాత వచ్చే వేతన ఒప్పందం దగ్గరే. రాజమండ్రి మిల్లులో 2024 ఏప్రిల్‌లో వేతన ఒప్పందం మీదే సమ్మె జరిగి లాకౌట్ దాకా వెళ్ళింది.

ఇక కాంట్రాక్టు కార్మికులు, లారీ డ్రైవర్లు, మిల్లుకి సుబాబుల్, సరుగుడు కర్ర వేసే రైతులు. వీళ్ళు టేకోవర్ కాగితాల్లో ఏ పేజీలోనూ కనిపించరు. మిల్లు రేటు మీద వాళ్ళ ఏడాది సంపాదన ఆధారపడి ఉంటుంది.

కార్మికుడి రక్షణ ఎంత పల్చనిదో తుపాకుల కంపెనీల చరిత్రలోనే బాగా కనిపిస్తుంది. మార్లిన్ అనే కంపెనీ 1870 నాటిది, అదీ కనెక్టికట్‌దే. 2008లో పోటీ కంపెనీ రెమింగ్టన్ దాన్ని కొంది. రెండేళ్ళు దాటిన కొద్ది రోజులకే, 2010లో, నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పింది. 265 మంది ఉద్యోగాలు పోయాయి. పని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఊరికి తరలిపోయింది. చేయి తిరిగిన పాత పనివాళ్ళు లేకపోవడంతో రైఫిళ్ళ నాణ్యత పడిపోయిందని కొనేవాళ్ళే తిట్టుకున్నారు. యంత్రాల్ని లారీలో ఎక్కించొచ్చు గానీ చేతిలో ఉన్న పనిని ఎక్కించలేరు కదా.

కథ అక్కడితో ఆగలేదు. రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా తీసింది. ముక్కలుగా వేలం వేశారు. మార్లిన్ ముక్కని సుమారు 3 కోట్ల డాలర్లకు కొన్నది ఎవరో కాదు, 2025లో బెరెట్టాకి గేటు వేసిన రూగరే. ఇప్పుడు మార్లిన్ రైఫిళ్ళు నార్త్ కరోలినాలో తయారవుతున్నాయి. మరి నార్త్ హేవెన్ పనిని తీసుకున్న ఇలియన్ ఊరు? రెమింగ్టన్ అక్కడే పుట్టి, దాదాపు రెండు వందల ఏళ్ళు అక్కడే నడిచింది. 2024 మార్చిలో ఆ ఫ్యాక్టరీకి కూడా తాళం పడింది. పని జార్జియా రాష్ట్రానికి వెళ్ళింది. ఒక ఊరి అన్నం తీసి ఇంకో ఊరికి పెట్టారు, తర్వాత ఆ ఊరి నుంచి తీసి మూడో ఊరికి పెట్టారు.

అన్ని కొనుగోళ్ళూ ఇలాగే అవుతాయని కాదు. 1855లో కంపెనీగా మారిన కోల్ట్ 2015లో దివాలా కోర్టుకెక్కింది. 2021లో చెక్ దేశపు తుపాకుల కంపెనీ సీజెడ్ దాన్ని 22 కోట్ల డాలర్ల నగదు, కొన్ని షేర్లు ఇచ్చి కొంది. ఆ తర్వాత తన పేరునే కోల్ట్ సీజెడ్ గ్రూప్‌గా మార్చుకుంది. చితికిపోయిన కంపెనీకి పోటీదారుడే ప్రాణం పోశాడు. రూగర్ పరిస్థితి వేరు. అప్పు లేదు, ఒంట్లో రోగం లేదు. అలాంటి కంపెనీని కొనేవాడు పెట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకోవాలంటే ఎక్కడ కోస్తాడు? రెండు సేల్స్ టీములు ఒకటవుతాయి, రెండు ఫ్యాక్టరీల్లో ఒకటి మిగులుతుంది. ఏ వ్యాపారంలోనైనా మొదటి కోత అక్కడే.

బెరెట్టా సొంత రికార్డు కూడా చూడాలి. మేరీల్యాండ్ రాష్ట్రం 2013లో తుపాకుల చట్టం కఠినం చేసింది. మరుసటి ఏడాదే బెరెట్టా అక్కడి ఉత్పత్తి మొత్తాన్ని టెన్నెసీకి తరలిస్తున్నట్టు ప్రకటించింది. సుమారు 160 ఉద్యోగాలు ఊరు మారాయి. అక్కడ యజమాని మారలేదు, అయినా ఫ్యాక్టరీ మారింది.

మన దగ్గర ఈ రంగం ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది. 1795లో ఫ్రెంచి అధికారి రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోయించిన గన్‌ఫౌండ్రీ హైదరాబాద్‌లో ఒక బస్తీ పేరుగా మిగిలింది. కానీ తుపాకుల తయారీ మాత్రం అదే నగరానికి తిరిగొచ్చింది. ఎమిరేట్స్ కంపెనీ కారకాల్‌తో కలిసి మేఘా గ్రూపుకి చెందిన ఐకామ్ 2024లో అక్కడ చిన్న ఆయుధాల ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. లోకేష్ మెషీన్స్ ‘అస్మి’ మెషీన్ పిస్టల్ తయారు చేస్తోంది. 2020 నుంచి రక్షణ రంగంలో విదేశీ వాటా ఆటోమేటిక్ దారిలో 74 శాతం వరకు రావొచ్చు. ఇక్కడ కూడా ఒకడు ఇంకొకడిని కొనే రోజు దూరంలో లేదు. ప్రభుత్వ రంగంలో అయితే మార్పు ఇప్పటికే వచ్చింది. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి 41 ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడగొట్టారు. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అందులో ఒక కంపెనీ కిందికి వెళ్ళింది. రాత్రికి రాత్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు డిప్యుటేషన్ మీద ఉన్నవాళ్ళయ్యారు. మొదట రెండేళ్ళన్నారు, తర్వాత పొడిగిస్తూ వచ్చారు.

దీనికి తోడు 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇదివరకు వందమంది కార్మికులున్న ఫ్యాక్టరీ మూయాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలి. ఇప్పుడు ఆ సంఖ్య 300. యజమాని మారిన మధ్యతరహా ఫ్యాక్టరీకి తాళం వేయడం మునుపటికంటే తేలికైంది.

మరి కార్మికుడికి దారే లేదా? బెరెట్టా చేసిన ఇంకో కొనుగోలులోనే ఒక దారి కనిపిస్తుంది. 2022లో అది స్విట్జర్లాండ్‌లో తూటాలు తయారుచేసే రువాగ్ అమోటెక్‌ని కొంది. అమ్మింది స్విస్ ప్రభుత్వ కంపెనీ. అక్కడ ప్రజల నుంచి, రాజకీయ పార్టీల నుంచి ఒత్తిడి వచ్చింది. థూన్ ఊళ్ళోని ఫ్యాక్టరీని, అందులోని ఉద్యోగాలను కనీసం ఐదేళ్ళు కదిలించబోమని బెరెట్టా హామీ ఇచ్చాకే బేరం తెగింది. అమ్మేవాడు గట్టిగా అడిగాడు కాబట్టి ఇచ్చింది. రూగర్‌లో అమ్మేవాళ్ళు వేలాదిమంది వాటాదారులు, ఫండ్ కంపెనీలు. వాళ్ళు అడిగేది షేర్ ధర ఒక్కటే. థూన్ హామీ గడువు 2027లో ముగుస్తుంది.