దోహా విమానం మారడానికే కాదు

సంపాదకులకు,

సెలవుల్లో చూడాల్సిన ఐరోపా చారిత్రక నగరాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఫ్లోరెన్స్, ప్రాగ్ గురించి రాసిందంతా బాగుంది. కానీ దోహాలో విమానం మారడం తప్ప చూడదగ్గ పాతదనం లేదన్న మాటను ఇక్కడ ఉంటున్న తెలుగువాడిగా ఒప్పుకోలేను.

దోహా నుంచి కారులో గంటన్నర వెళ్తే వాయవ్య తీరాన అల్ జుబారా వస్తుంది. 18వ శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగిన రేవు పట్టణమది. 1811లో దాడికి గురైంది, 20వ శతాబ్దం తొలినాళ్లకు జనం ఖాళీ చేశారు. ఇసుక కప్పేయబట్టే ప్రాకారం, మసీదులు, ఇళ్ల గోడలు ఇంకా మిగిలాయి. ఖర్జూరం బస్తాలు పేర్చి, కారే పాకాన్ని పట్టేందుకు గచ్చులో తీర్చిన కాలువల్ని చూస్తూ నేను చాలాసేపు నిలబడిపోయాను. 2013లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అందరూ ఫొటోలు దిగే కోట 1938 నాటిదే. అక్కడితో వెనక్కొచ్చేస్తే అసలు ఊరు చూడనట్టే.

ఈ సముద్రపు ముత్యాలు బొంబాయి వర్తకుల చేతికి వెళ్లేవి. మన హైదరాబాద్‌లో బస్రా ముత్యాలని పిలిచేవి ఈ గల్ఫ్ ముత్యాలే. అది మన చరిత్ర కూడా కదా!

దోహా నడిబొడ్డున మషైరబ్‌లో ఉన్న బిన్ జల్మూద్ ఇల్లు బానిసత్వ చరిత్రను దాచకుండా చూపే మ్యూజియం. పొట్టకూటికి గల్ఫ్ వచ్చిన మనవాళ్లు, వాళ్లను చూడ్డానికి వచ్చే కుటుంబాలు తప్పక వెళ్లాలి.

నవంబరు, మార్చి మధ్య రమ్మనండి. జుబారాలో నీడ దొరకదు, నీళ్లు వెంట తెచ్చుకోవాలి.

– ఒక పాఠకుడు, దోహా