తీసింది కత్తి, తీర్చాల్సింది కషాయమా?

"ప్రకృతి సిద్ధమైన హార్మోన్లు", "సైడ్ ఎఫెక్టులు లేని మూలికా చికిత్స" అనే మాటలు పట్నం ప్రకటనల్లోంచి పల్లెల్లో మహిళా సంఘాల సమావేశాల దాకా వచ్చేశాయి. ముట్లుడిగిన తర్వాత వచ్చే ఒంటి మంటలకు, నిద్రలేమికి, కీళ్ల నొప్పులకు శతావరి పొడి, సోయా మాత్రలు, అవిసె గింజలు చాలంటున్నారు. అల్లోపతి హార్మోన్లు విషమనీ, మూలికలు అమృతమనీ చెబుతున్నారు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనలో కొందరు కూడా ఈ మాటను ప్రత్యామ్నాయం పేరుతో నెత్తికెత్తుకుంటున్నారు. అందుకే దీన్ని గట్టిగా ప్రశ్నించాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ స్త్రీల విషయంలో మొదట అడగాల్సిన ప్రశ్న "ఏ మందు వాడాలి?" అన్నది కాదు. "ముట్లు ఎట్లా ఆగిపోయాయి?" అన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.3 శాతం. తెలంగాణలో 8.2 శాతం. అంటే సుమారు పన్నెండు మందిలో ఒకరు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే తీరు. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతుల దాకా ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. పల్లెటూరి స్త్రీలు, చదువు తక్కువైనవాళ్లు, చిన్న వయసులో పిల్లల్ని కన్నవాళ్లు ఎక్కువగా దీని పాలబడుతున్నారు. తెలంగాణ స్త్రీల గర్భసంచులకు మాత్రమే అంత ఎక్కువగా జబ్బులు వస్తాయా? లేక జబ్బు ఇంకెక్కడైనా ఉందా?

పాలమూరు స్త్రీ బతుకు మనకు తెలియనిది కాదు. గద్వాల పత్తి విత్తన చేలలో పువ్వు పువ్వుకూ వంగి క్రాసింగ్ చేసేది ఆమే. వనపర్తిలో వేరుశనగ పీకేది, వలసపోయి మట్టి మోసేది కూడా ఆమే. తెల్లబట్ట అవుతోందనో, ముట్టు ఎక్కువైందనో, నడుము నొప్పి అనో ఆస్పత్రికి పోతే "గర్భసంచికి పుండైంది, తీసేయకపోతే క్యాన్సరైతది" అనే మాట వినబడుతుంది. పిల్లలు పుట్టారు, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయింది, ఇంక ఆ సంచితో పనేముందని ఇంట్లోవాళ్లూ అంటారు. నెలకు మూడు రోజులు కూలి పోకుండా ఉంటుందని ఆమె కూడా తలూపుతుంది. తెల్లబట్టకు చాలాసార్లు సరిపోయేది మందుల కోర్సు. క్యాన్సర్ భయానికి చేయాల్సింది గర్భాశయ ముఖద్వార పరీక్ష. ఈ రెండూ దొరకనిచోట ఆమె తలూపడాన్ని అంగీకారం అనగలమా? మెదక్ పల్లెల్లో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఏళ్ల తరబడి పనిచేసి బయటపెట్టింది ఈ దందానే.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజుతోనే ఈస్ట్రోజెన్ పడిపోతుంది. సహజంగా నలభై అయిదు దాటాక మెల్లగా జరగాల్సిన మార్పు ముప్పై ఏళ్ల ఒంటి మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి ముందుగానే పనిచేయడం మానేస్తాయి. ఫలితం ఒంటి మంటలతో ఆగదు. ఎముకలు బోలవుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. నలభై అయిదేళ్లలోపు అండాశయాలు పోయిన స్త్రీకి, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వాలన్నది నేటి వైద్యశాస్త్రం ఒప్పుకున్న విషయం. ఆపరేషన్ చేసి డబ్బు తీసుకున్నవాళ్లు ఈ ముక్క ఎంతమందికి చెప్పారు?

"హార్మోన్లతో క్యాన్సర్ వస్తుందట కదా" అని అడుగుతారు. అడగాల్సిందే. ఈ మందుల వ్యాపారానికి మచ్చలేని చరిత్ర లేదు. 1942లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ప్రెమారిన్‌ను యవ్వనాన్ని నిలిపే మందుగా అమ్మచూశారు. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టర్ ముట్లుడగడాన్నే ఒక రోగంగా చిత్రించి పుస్తకం రాశాడు. 1975లో ఈస్ట్రోజెన్‌కూ గర్భాశయ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం బయటపడింది. 2002లో అమెరికాలో 16,608 మంది స్త్రీల మీద జరుగుతున్న పెద్ద ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడిన పదివేల మందిలో ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్లు, 8 పక్షవాతాలు అదనంగా కనిపించాయి. అయితే వాళ్లంతా 50 నుంచి 79 ఏళ్లవాళ్లు, గర్భసంచి ఉన్నవాళ్లు. గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో ప్రయోగం 2004లో ఆగింది. అందులో పక్షవాతం ముప్పు పెరిగింది గానీ రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. అరవై ఏళ్ల అమెరికన్ స్త్రీకి వచ్చిన ఫలితాన్ని తెచ్చి, ముప్పై రెండేళ్లకే అండాశయాలు పోగొట్టుకున్న కూలి స్త్రీకి "నీకు హార్మోన్ వద్దు" అని చెప్పడం జాగ్రత్త అనిపించుకోదు. అది ఆమెను వదిలేయడం.

ఇంతకీ "సహజం" అంటే ఏమిటి? ప్రెమారిన్ చూడి గుర్రాల మూత్రం నుంచి తీసింది. అదీ ప్రకృతిలోదే! అడవి గడ్డల్లో ఉండే డయోస్జెనిన్‌ను ప్రొజెస్టిరాన్‌గా మార్చింది ఫ్యాక్టరీలోని రసాయన ప్రక్రియ. మన శరీరం ఆ పని చేయలేదు. కాబట్టి ఆ గడ్డల క్రీము రాసుకుంటే హార్మోన్ వస్తుందనడం అబద్ధం. సోయా వంటి మొక్కల ఈస్ట్రోజెన్ల మీద జరిగిన 43 ప్రయోగాలను 2013లో కాక్రేన్ సంస్థ సమీక్షించి, ఒంటి మంటలు తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. మూలికలు కాబట్టి హాని చేయవనడమూ తప్పే. 2004లో బోస్టన్‌లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి బయటపడ్డాయి.

ఇదంతా స్థానిక జ్ఞానాన్ని చిన్నచూపు చూడటం కాదు. నల్లమలలో చెంచు స్త్రీలకు పిల్లితీగ గడ్డ ఎక్కడ దొరుకుతుందో, ఎప్పుడు తవ్వాలో తెలుసు. ఆ గడ్డ తవ్వే చేతికి దక్కేదెంత, శతావరి సీసా మీద పట్నంలో వేసే ధర ఎంత? జ్ఞానం మీద గౌరవం ఉన్నవాళ్లు ముందు ఆ లెక్క అడగాలి. రాగులు, నువ్వులు, జొన్నరొట్టె, ఆకుకూర ఒంటికి మంచివే. అవి తినగలిగేంత కూలి ఇప్పించాలని కొట్లాడదాం. కానీ అవి తీసేసిన అండాశయానికి బదులు కావు.

హార్మోన్ల విషయంలో మన ఉద్యమానికి ఒక చరిత్ర ఉంది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ను ప్రయోగంగా ఇవ్వబోతే, ఆ సంగతి స్త్రీలకు చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో సహేలీ, చింగారీ సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ పోరాటంలోంచి "హార్మోన్ అంటేనే విషం" అనే నినాదాన్ని మాత్రమే తీసుకుంటే సగమే తీసుకున్నట్టు. స్త్రీకి తెలియకుండా ఆమె ఒంట్లోకి ఏదీ ఎక్కించకూడదన్నది అందులోని అసలు సూత్రం. ఆమెకు తెలియకుండా ఆమె ఒంట్లోంచి ఏదీ తీయకూడదు, అవసరమైన మందును దాచకూడదు అన్నదీ అదే సూత్రం.

చట్టం మన చేతికి కొన్ని ఆయుధాలు ఇచ్చింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని, ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ ఈ ఆపరేషన్ల వివరాలు ఇవ్వాలని వాటిలో ఉంది. డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో వీటిని అమలులోకి తేవాలని ఆదేశించింది. గర్భాశయ వ్యాధులు, ముట్టు సమస్యలు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది.

కాబట్టి మూడు జిల్లాల సంఘాలుగా మనం చేయాల్సిన పనులు ఇవి. ఆపరేషన్ అయిన ప్రతి స్త్రీ చేతిలో ఏం తీశారో, ఎందుకు తీశారో తెలుగులో రాసిన కాగితం ఉండాలని పట్టుబట్టాలి. అండాశయాలు ఉన్నాయో లేవో ఆమెకు తెలియాలి. మూడు కలెక్టరేట్లలో జిల్లా కమిటీ సభ్యులెవరని, ఎన్నిసార్లు కూచున్నారని, ఏ ఆస్పత్రి ఎన్ని ఆపరేషన్లు చూపిందని సమాచార హక్కు కింద అడగాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వాటి ఆస్పత్రుల్లో చిన్న వయసులో ముట్లు ఆగిన స్త్రీలకు వారానికొక రోజు ప్రత్యేక ఓపీ, ఎముకల పరీక్ష, పరీక్షించి ఇచ్చే ఈస్ట్రోజెన్ ఉచితంగా అందాలి. ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరగాలి.

మన సంస్థలు కూడా కషాయాల శిక్షణతో బాధ్యత తీరిందనుకోవడం మానాలి. ఉన్నవాళ్ల ఆడవాళ్లకు స్పెషలిస్టు, పేద ఆడవాళ్లకు ఆకు పసరు అన్నది ప్రత్యామ్నాయం కాదు. అది పాత వివక్షకే పచ్చరంగు పూత. ఆమెకు కావలసింది తన ఒంటి లెక్క తనకు తెలియడం. ఆ లెక్క అడిగే రోజు మనం ఆమె పక్కన నిలబడి ఉండాలి.