చేపకు కాస్త చోటు వదలండి

ఇంటికి వచ్చినవాళ్ళ ముందు ఆల్బమ్ పెట్టే రోజులు పోయి, సెల్‌ఫోన్ చేతికిచ్చి "అలా జరుపుతూ చూడండి" అనే రోజులు వచ్చాయి. అక్వేరియం వున్న ఇల్లయితే ఆ ఫోన్‌లో సగం ఫోటోలు చేపలవే. ప్రతి ఫోటోలోనూ చేప నడిమధ్య, ఓటరు కార్డు ఫోటోలా బిగుసుకుపోయి వుంటుంది. దాని పక్కన ఫ్లాష్ తాలూకు తెల్లటి మచ్చ. వెనకాల గాలిగొట్టం. గాజులో ఫోటో తీస్తున్న ఆయనగారి బనీను! ఇదేమిటండీ అంటే, "మంచి కెమెరా కొనాలండీ" అంటారు.

సరిగ్గా ఈ మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. వంట చెడితే గిన్నెను తిట్టినట్టుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా, చేపను ఎక్కడ వుంచాలో అది చెప్పదు. అది చూసేవాళ్ళకు తెలియాలి.

అసలు ప్రతిదాన్నీ మధ్యలో పెట్టడమే మర్యాద అని మనకెవరు నేర్పారో! పెళ్ళి ఫోటోల్లో దంపతుల్ని మధ్యన కూర్చోబెట్టిన అలవాటు కాబోలు. కానీ చేప కూర్చుని లేదే! ఎటో వెళుతోంది. వెళ్ళేదానికి ముందు దారి వుండొద్దూ? చిత్రం మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలు గీసినట్టు ఊహించుకోండి. ఫోన్ కెమెరాలో ఆ గీతలు కనబడే ఏర్పాటు చాలావాటికి వుంటుంది. గీతలు కలిసే నాలుగు చోట్లలో ఏదో ఒకచోట చేప కన్ను పడేలా చూడండి. ఎడమవైపు ఈదుతున్న చేపను కుడిపక్కకు వుంచి, దాని ముందు నీళ్ళు వదలండి. అప్పుడది నిజంగా ఈదుతున్నట్టుంటుంది. అంచుకు ఆనించారా, గోడకు మొహం కొట్టుకున్నట్టుంటుంది.

"అంత ఖాళీ దండగ కదా?" అంటారు. చీరంతా బుటాలు నింపేస్తే అంచు అందం ఎవరికి కనబడుతుందమ్మా? నియాన్ టెట్రాల గుంపుకు వెడల్పు చిత్రం కావాలి. ఏంజెల్ ఫిష్ పొడుగు రెక్కలకు ఫోన్ నిలువుగా పట్టాలి. ఏదైనా చేప తిన్నగా మనకేసి మొహం పెట్టి చూసిందనుకోండి, అప్పుడు మధ్యలో పెట్టినా అందమే. సూత్రం మన కోసం గాని, మనం సూత్రం కోసం కాదు.

ఇక రెండో జబ్బు, పైనుంచి చూడడం. పిల్లల్నీ, పనిమనుషుల్నీ చూసినట్టే చేపల్నీ నిలబడి కిందికి చూస్తాం. కాస్త వంగితే ఏం పోతుంది? పీట వేసుకుని చేప కంటికి మన కన్ను సమానంగా కూర్చోవాలి. కెమెరా గాజుకు దగ్గరగా, తిన్నగా వుండాలి. ఏటవాలుగా పట్టుకుంటే గాజూ నీళ్ళూ కలిసి కాంతిని వంచేసి, చేపను అలుక్కుపోయినట్టు చేస్తాయి. గదిలో దీపాలు ఆర్పి, తొట్టె దీపం మటుకు వుంచండి. ముదురు రంగు చీర కట్టుకుంటే గాజులో మన నీడ కనబడదు. ఫ్లాష్ ఆపేయండి. ముందు గాజు మీది వేలిముద్రలు తుడవండి!

ఫోటో కూర్పు తొట్టెలోనే మొదలవుతుంది. జపానుకు చెందిన తకాషి అమానో (1954–2015) స్వయంగా ఫోటోగ్రాఫరు. మొక్కలతో, రాళ్ళతో నీటిలోపల కొండలూ పచ్చికబయళ్ళూ సృష్టించిన మనిషి. ఆయన రాళ్ళ అమరికలో అన్నిటికంటే పెద్దరాయి మధ్యలో వుండదు. ఒక పక్కకు వుంటుంది. మనవాళ్ళ తొట్టెలో మాత్రం నడిమధ్య బుడగలు వదిలే ప్లాస్టిక్ నిధిపెట్టె!

అన్నిటికంటే దారుణం గాజు మీద టకటకా కొట్టడం. "ఇటు చూడవే" అని! చేపకు అది పిలుపు కాదు, బెదిరింపు. బెదిరిన చేప రెక్కలు ముడుచుకుంటుంది, మూలకు పారిపోతుంది. ఇక గుండ్రటి గిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను పెట్టి ఫోటోలు తీసే మహానుభావులున్నారు. వంపు గాజులో ఫోటో వికారంగా వస్తుందని వాళ్ళ బాధ! లోపలున్న ప్రాణి సంగతో? సరిగా పెంచితే పదేళ్ళు దాటి బతికే చేప, చాలని నీళ్ళలో, తన మురికిలో తానే వుండి నెలల్లో చచ్చిపోతే "వాటి ఆయుష్షే అంత" అని తీర్పు చెప్పేస్తాం. రోమ్ నగరం 2005లో అలాంటి గిన్నెల్ని నిషేధించింది. చేపకు హాయి లేనిచోట మంచి చిత్రం రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

కొట్టకుండా, బెదిరించకుండా ఎలా తీయాలి? చేప వెంట కెమెరా తిప్పకండి. మొక్క పక్కన అందమైన చోటొకటి ముందే ఎంచుకుని, అక్కడికి చేప వచ్చేదాకా ఆగండి. వస్తుంది. ఏ వేళకు ఏ మూలకు వస్తుందో రోజూ మేత వేసేవాళ్ళకు తెలుసు. ఆ మేత వేసేది చాలా ఇళ్ళల్లో ఎవరు? నీళ్ళు మార్చేది ఎవరు? కెమెరా మటుకు మగవాళ్ళ చేతిలో! "నీకు తెలీదులే, ఇలా ఇవ్వు" అని లాక్కోవడం ఒకటి.

తెలీదుట! జాన్ విల్‌ప్రూ పవర్ (1794–1871) అని ఒక ఫ్రెంచివనిత వుండేది. పారిస్‌లో బట్టలు కుట్టి బతికిన మనిషి. పెళ్ళయి సిసిలీ దీవిలోని మెస్సినాకు వెళ్ళింది. సముద్రప్రాణుల్ని బతికుండగా చూడాలని 1832లో గాజు అక్వేరియం చేయించుకుంది. ఆర్గొనాట్ అనే ప్రాణి తన గుల్లను ఎవరి దగ్గరో తీసుకోదనీ, తానే కట్టుకుంటుందనీ ఓపికగా చూసి రుజువు చేసింది. 1838లో ఓడ మునిగి ఆమె బొమ్మలూ కాగితాలూ ఎన్నో పోయాయి. ఆ మరుసటి ఏడే ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది. గాజు వెనక జీవితాన్ని కదలకుండా కూర్చుని చూడడం నేర్పింది సూదీదారం పట్టిన చెయ్యి అని మరిచిపోకండి.

కనుక అమ్మాయిలూ, అక్కయ్యలూ, కొత్త కెమెరా కోసం ఎదురుచూడకండి. నీళ్ళు మార్చింది మీరైతే, ఆ నీళ్ళు తేరుకున్నాక పీట వేసుకుని కూర్చోండి. ఫోటో కూడా మీరే తీయండి. చేప ముందు కాస్త చోటు వదలండి. ఇంట్లోవాళ్ళు మీకూ కాస్త వదిలితే ఎంత బాగుండునో, చిత్రం చూశాక వాళ్ళకే తడుతుందేమో!