ఎవరి పత్రిక, ఎవరి చట్టం?

ఏటా ఫిబ్రవరి దాటాక వచ్చే సంచికలో, చివరి పేజీ మూలన, మన పత్రిక ‘ఫారం 4’ వేస్తూ వచ్చింది. ముద్రించేది ఎవరు, సంపాదకురాలు ఎవరు, యజమాని ఎవరు అన్న వివరాలు. దాన్ని మీరెవరూ చదివి ఉండరు. ప్రూఫు దిద్దడానికి తప్ప మేమూ చూసేవాళ్లం కాదు. 1956 నాటి నిబంధనల ప్రకారం ప్రతి పత్రికా అలా చెప్పుకోవాల్సి ఉండేది, మూలధనంలో నూటికి ఒకటికి మించి వాటా ఉన్నవాళ్ల పేర్లతో సహా. చందాల మీద బతికే మనకు దాచుకోవడానికి ఏముంది? పెద్ద పత్రికల సంగతి వేరు. అక్కడ వాటాదారుగా ఒక కంపెనీ పేరు ఉంటుంది, దాని వెనక మరో కంపెనీ.

యజమాని ఎవరైతే మనకేమిటని అనుకోలేం. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించినప్పుడు ఆ వార్త ఊరూరా పాకడానికి పత్రికలు చోటిచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించినప్పుడు అదే ఆడవాళ్లకు అంత చోటు దొరకలేదు. చోటు ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించింది మనం కాదు.

ఈ ప్రశ్న చట్టసభకు కొత్తదేం కాదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. 1997లో వచ్చిన ప్రసారాల బిల్లు సంయుక్త కమిటీలో ఉండగానే లోక్‌సభ రద్దయి, బిల్లూ పోయింది. 2009లో హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కేంద్రానికి అధ్యయనం ఇచ్చింది. రాజకీయ పార్టీలను ప్రసార రంగంలోకి రానివ్వొద్దని, ఒకే చేతిలో పత్రికా టీవీ రెండూ పోగుపడకుండా హద్దులు పెట్టాలని 2014 ఆగస్టులో ట్రాయ్ చెప్పింది. అన్నీ బీరువాలో ఉన్నాయి.

2023లో మాత్రం ఒక చట్టం చకచకా వచ్చింది. బ్రిటిష్ వాళ్లు 1867లో చేసిన పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం స్థానంలో తెచ్చిన బిల్లు ఆగస్టు 3న రాజ్యసభలో, డిసెంబరు 21న లోక్‌సభలో గట్టెక్కింది. ఏ కమిటీకీ పంపలేదు. ఆ శీతాకాల సమావేశాల్లో రెండు సభల్లో కలిపి సస్పెండైన ప్రతిపక్ష సభ్యులు 146 మంది. ఒక యజమాని ఎన్ని పత్రికలు, ఎన్ని చానళ్లు పెట్టుకోవచ్చన్న మాట ఆ చట్టంలో లేనే లేదు.

కమిటీకి పంపడం కాలయాపన అనేవాళ్లకు మన అనుభవమే చెబుదాం. 2002 నాటి గృహహింస బిల్లులో ‘అలవాటుగా’ కొడితేనే హింస. తన ఆస్తిని కాపాడుకోవడానికి కొట్టానంటే మగవాడికి మినహాయింపు! ఆ బిల్లు స్థాయీసంఘానికి వెళ్లింది కాబట్టే మహిళా సంఘాలు అక్కడికి వెళ్లి వాదించగలిగాయి. 2005 చట్టంలో ఆ రెండు మాటలూ లేవు. బిల్లు తయారయ్యేటప్పుడు మనలాంటి వాళ్లు లోపలికి వెళ్లే గుమ్మం అదొక్కటే. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు ఆ గుమ్మం దాటాయి, 17వ లోక్‌సభలో 16.

ఎంపీలు సోమరులని తిట్టడం తేలిక. 1985 ఫిరాయింపుల చట్టం తర్వాత విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. ఎటు ఓటెయ్యాలో పార్టీ ముందే చెప్పేస్తే రాత్రి కూర్చుని బిల్లు చదివేదెవరు? అయినా సందేహం అడగడానికి, సవరణ ఇవ్వడానికి, కమిటీకి పంపమనడానికి ఏ విప్పూ అడ్డు కాదు. 17వ లోక్‌సభకు గెలిచిన 78 మంది ఆడవాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది.

ప్రసార సేవలకు కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2023 నవంబరులో విడుదల చేసింది. 2024లో దాని మార్చిన ప్రతిని కొద్దిమందికే ఇచ్చారని గొడవైంది. ఈసారి మీ ఎంపీ మండల కేంద్రానికి వచ్చినప్పుడు వినతిపత్రంతో పాటు ఈ రెండు ప్రశ్నలూ పట్టుకెళ్లండి: 2023 డిసెంబరు 21న మీరు సభలో ఉన్నారా? ప్రసారాల బిల్లు వస్తే కమిటీకి పంపమని అడుగుతారా? వచ్చిన జవాబులు మాకు రాయండి, నియోజకవర్గం పేరుతో వేస్తాం.