కంపెనీ పెద్దదైతే టూల్ బతుకుతుందా?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు చేతిలో పాంప్లెట్ పెడతారు. జావా ఫుల్ స్టాక్, డెవాప్స్, డేటా సైన్స్, ఈ మధ్య జెనరేటివ్ ఏఐ. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ వాటి వెనుక సిద్ధాంతం మారదు: పెద్ద కంపెనీ అండ ఉన్న టూలే నేర్చుకోవాలి. ఒకరిద్దరు కూర్చుని రాసిన ఎడిటర్ గురించి కోచింగ్ సెంటర్ కౌంటర్ దగ్గర అడిగి చూడండి. "గది నేర్చుకుంటే జాబ్ ఎవడిస్తడు తమ్మీ? రేపుంటదో ఉండదో" అంటారు. కాలేజీ ల్యాబుల్లోనూ, గచ్చిబౌలి ఆఫీసుల్లోనూ వినిపించేది ఇదే. ఏఐ వచ్చాక దీనికి ఇంకో మాట తోడైంది: కోడంతా మెషీనే రాస్తుంటే ఈ చిన్నాచితకా టూళ్లు ఎవరికి కావాలి?

వినడానికి లోకజ్ఞానంలాగే ఉంటుంది. చరిత్ర తిరగేస్తే మాత్రం నిలబడదు.

మన ల్యాబుల్లోనే మొదలుపెడదాం. తెలుగు నేల మీద రెండు తరాల ఇంజనీరింగ్ విద్యార్థులు సీ, సీ ప్లస్ ప్లస్ నేర్చుకున్నది టర్బో సీ నీలం తెర మీద. బోర్లాండ్ కంపెనీ 1987లో టర్బో సీని, 1990లో టర్బో సీ ప్లస్ ప్లస్‌ను విడుదల చేసింది. ఆ రోజుల్లో బోర్లాండ్ అంటే మైక్రోసాఫ్ట్‌తో పోటీపడ్డ సంస్థ. కౌంటర్ సిద్ధాంతం ప్రకారం దాని టూలుకు ఢోకా ఉండకూడదు. జరిగింది వేరు. బోర్లాండ్ తన డెవలపర్ టూళ్ల విభాగాన్ని 2008లో ఎంబార్కడెరోకు అమ్మేసింది. మరుసటి ఏడాది మిగిలిన కంపెనీని మైక్రో ఫోకస్ కొనేసింది. మన ల్యాబుల్లోని టర్బో సీ మాత్రం 1990ల మొదట్లో ఆగినచోటే ఆగిపోయింది. సీ ప్లస్ ప్లస్‌కు తొలి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. అంటే మన పిల్లలు ఆ ప్రమాణమే పుట్టకముందు నాటి భాషను రికార్డుల్లో రాసుకుంటూ పోయారు.

దాని ఫలితం చూడాలంటే ల్యాబ్ రికార్డులోని ఏదో ఒక ప్రోగ్రామ్‌ను ఇవాళ్టి జీసీసీ కంపైలర్‌కు ఇచ్చి చూడండి. మొదటి లైన్ ఐవోస్ట్రీమ్ డాట్ హెచ్ దగ్గరే అలాంటి ఫైలు లేదంటుంది. దాన్ని దిద్దితే వాయిడ్ మెయిన్‌ను ఒప్పుకోదు, మెయిన్ ఇంట్ ఇవ్వాల్సిందే అంటుంది. అదీ దిద్దితే సీఎల్ఆర్ స్క్రీన్ అంటే ఏమిటో నాకు తెలియదంటుంది. విద్యార్థి తెలివితక్కువవాడేమీ కాదు. పెద్ద కంపెనీ పేరు చూసి నమ్మిన సిలబస్ వాణ్ని అక్కడ నిలబెట్టింది.

ఇంకో తమాషా ఉంది. టర్బో సీ పదహారు బిట్ల ప్రోగ్రామ్. అరవై నాలుగు బిట్ల విండోస్‌లో అది నేరుగా నడవదు. మరి ల్యాబుల్లో ఇప్పటికీ ఎలా నడుస్తోంది? డాస్‌బాక్స్ పుణ్యమా అని. ఆ డాస్‌బాక్స్ వెనుక ఏ కంపెనీ లేదు, కొందరు స్వచ్ఛందంగా రాసి ఉచితంగా పంచిన టూల్ అది. పెద్ద కంపెనీ పోయాక దాని సరుకును చిన్న టూలే మోస్తోంది!

అవే ల్యాబుల్లో కనబడే దేవ్ సీ ప్లస్ ప్లస్ కథ వినండి. కోలిన్ లాప్లాస్ అనే ఒక్క మనిషి 1998లో మొదలుపెట్టాడు. 2005 తర్వాత కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. కౌంటర్ సిద్ధాంతం గెలిచిందని అనుకోవాల్సిన ఘట్టమిది. కానీ దాని సోర్స్ కోడ్ జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ అందుబాటులో ఉంది. 2011లో ఆర్వెల్ పేరుతో ఇంకొకాయన అందుకుని 2015 దాకా కొత్త వెర్షన్లు తెచ్చాడు. 2020లో దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? ఎంబార్కడెరో! బోర్లాండ్ టూళ్లకు వారసురాలైన కంపెనీయే, ఆ వారసత్వంలో ఉన్న టర్బో సీని వదిలేసి, ఒంటరిగా ఒకడు రాసిన టూలును చేరదీసింది. ఒకదానికి సోర్స్ ఉంది, రెండోదానికి తాళం ఉంది. తేడా అంతే.

ఇవి పాత ముచ్చట్లు అనేవారికి కొత్తవీ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ గొడుగు కింద ఉన్న గిట్‌హబ్, తన ఆటమ్ ఎడిటర్‌ను 2022 డిసెంబర్ 15న మూసేసింది. అడోబీ తన బ్రాకెట్స్ ఎడిటర్‌కు 2021లో సెలవిచ్చింది. ఫేస్‌బుక్ 2013లో కొన్న పార్స్ అనే డెవలపర్ సేవను 2017 జనవరిలో ఆపేసింది. పెద్ద కంపెనీకి టూల్ అనేది పద్దుల పుస్తకంలో ఒక వరుస. ఆ వరుస లాభం చూపకపోతే కొట్టేస్తారు. వాడేవాళ్లు లక్షల్లో ఉన్నా కొట్టేస్తారు. మరోవైపు 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను ఇవాళ్టికీ చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే చూసుకుంటున్నారు. 2050 దాకా సపోర్ట్ ఇస్తామంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో పిల్లల చేతుల్లోని ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అది ఉంది.

మన భాష దగ్గరా ఇదే జరిగింది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంట్ వాళ్లు వాడుకుంటున్న రోజుల్లో, ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చడానికి నాగార్జున వెన్న పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రాశారు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటికీ తలుపు మూసింది. అయినా పద్మ కోడ్ పోలేదు. వీవెన్ 2006లో తయారుచేసిన తెలుగు టైపింగ్ టూల్ లేఖిని వాడుకున్నది ఆ కోడ్‌నే. విండోస్‌లో తెలుగు టైపు చేయడానికి గూగుల్ ఇచ్చిన ఇన్‌పుట్ టూల్ డౌన్‌లోడ్ మాత్రం ఆగిపోయింది.

ఇక ఏఐ. మెషీన్ రాసిన కోడ్ గాల్లో నిలబడదు. దాన్ని కంపైల్ చేయాలి, పరీక్షించాలి, వేల ఫైళ్లలో వెతకాలి, మార్పులు దాచుకోవాలి. వీఎస్ కోడ్‌లో ఫైళ్లలో వెతికే పని చేసేది రిప్‌గ్రెప్. ఆండ్రూ గాలంట్ అనే డెవలపర్ 2016లో విడుదల చేసిన కమాండ్ లైన్ టూల్ అది. కోడ్ రాసే ఏఐ ఏజెంట్లూ దాన్నే పిలుస్తున్నాయి. అదే 2016లో వచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఇంకో మేలు చేసింది. అంతకుముందు ప్రతి ఎడిటర్ ప్రతి భాషకూ విడిగా తెలివి నేర్చుకోవాల్సి వచ్చేది. ఆ ఖర్చు పెద్దలే భరించగలిగేవాళ్లు. ఇప్పుడు ఒక భాషకు ఒక సర్వర్ రాస్తే వీఎస్ కోడ్ అయినా నియోవిమ్ అయినా అదే వాడుకుంటుంది. చిన్న ఎడిటర్ బతకడం పదేళ్ల కిందటి కంటే ఇప్పుడే తేలిక.

ఎదుటివాదంలో ఒక్క మాటకు మాత్రం బలముంది. చిన్న టూల్ నడిపేవాళ్లు అలసిపోతారు, వాళ్లకు డబ్బు అందదు. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే టూల్ వ్యవహారం బయటపడింది. ఒంటరిగా సతమతమవుతున్న మెయింటెయినర్ నమ్మకాన్ని ఎవరో రెండేళ్లకు పైగా ఓపికపట్టి సంపాదించి, టూల్లో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించకపోతే ప్రపంచమంతటా సర్వర్లకు ముప్పు వచ్చేది. ఇది నిజమైన జబ్బే. అయితే ఈ జబ్బుకు కారణం టూల్ చిన్నదవడం కాదు. దాని మీద కోట్లు సంపాదిస్తున్నవాళ్లు రూపాయి విదల్చకపోవడం. ఆ వరుసలో మన కోచింగ్ సెంటర్లూ ఉన్నాయి. గిట్ నేర్పి ఫీజు తీసుకుంటారు, లైనక్స్ నేర్పి ఫీజు తీసుకుంటారు. వాటికి ఒక బగ్ రిపోర్ట్ రాయడం మాత్రం ఒక్క బ్యాచ్‌కీ నేర్పరు. చిన్న టూల్‌కు భవిష్యత్తు లేదని చెప్పే నోరే ఆ భవిష్యత్తుకు తిండి పెట్టడం మానేసింది.

నల్లగొండ నుంచో సూర్యాపేట నుంచో వచ్చి కొత్తపేట హాస్టల్లో దిగిన అమ్మాయీ అబ్బాయీ కౌంటర్ దగ్గర మూడు ప్రశ్నలు అడగాలి. ఈ టూల్ సోర్స్ అందరికీ దొరుకుతుందా? దీంతో చేసిన పనిని రేపు ఇంకో టూల్లోకి తీసుకెళ్లగలనా? రాసినవాళ్లు రేపు వదిలేస్తే అందుకునే దారి ఉందా? కంపెనీ ఎంత పెద్దదన్నది వీటి తర్వాతే. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని చోట, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని బాండు పేపర్ మీద రాసిచ్చినా సరే, ఫీజు కట్టకండి.