కంప్యూటర్ కబుర్లు: లెక్క తప్పిన వంటవాడు

డేటాబేస్ అంటే పద్దుల పుస్తకాలన్నీ సర్దిపెట్టుకున్న బీరువా వంటిదని క్రిందటి సంచికలో చెప్పుకున్నాం. ఆ బీరువా ఒక్కోసారి ఎందుకు మొరాయిస్తుందో ఈసారి నా అనుభవం మీద చెబుతాను. తప్పు నాదే కనుక మొహమాటం లేదు.

మా బరంపురంలో కొందరు మిత్రులం కలిసి రక్తదాతల జాబితా ఒకటి నడుపుతున్నాం. పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌లో పెట్టాం. ఒక రాత్రి రాయగడ నుంచి ఫోను వచ్చింది. కాన్పు కష్టమైంది, ఓ పాజిటివ్ రక్తం కావాలి. అక్కడి దాతలెవరు, ఎప్పుడెప్పుడు రక్తమిచ్చారు అని మా మేనల్లుడు అడిగితే, పేర్లు రావడానికి రెండు నిమిషాలు పట్టింది. దాత దొరికాడు, తల్లీబిడ్డా క్షేమం. కాని ఆ రెండు నిమిషాలూ మాకు రెండు గంటలయ్యాయి.

"మావయ్యా, మిషను ముసలిదైపోయింది. కొత్తది కొందాం" అన్నాడు వాడు.

నాకు నమ్మకం కుదరలేదు. రాయగడ కంటే ఎన్నో రెట్లు పెద్దదైన బరంపురం జాబితా క్షణంలో వస్తోంది. మిషను ముసలిదైతే రెండూ ఆలస్యం కావాలి కదా!

డేటాబేస్‌ను మనం "ఏం కావాలి" అనే అడుగుతాం. ఎలా వెతకాలో అదే నిర్ణయించుకుంటుంది. ఆ ఉపాయాన్ని ఖర్చు లెక్కగట్టి ఎంచుకునే పద్ధతిని 1979లో ఐ.బి.ఎం.లో ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు వివరించారు. ఇది మన పెళ్ళి వంటవాడి లెక్క వంటిదే. భోజనానికి ఒక్కరే వస్తారంటే వంటింట్లోంచి విస్తట్లోకి ఒక్కొక్కటే తెచ్చి వడ్డిస్తాడు. మూడు వేలమంది అంటే ముందే గంగాళాలు దింపి, బంతులు వేసి సాగిస్తాడు. ఒక్కరని చెప్పి మూడు వేలమందిని తెస్తే పాపం అతడేం చేస్తాడు?

"ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్" అనే ఆజ్ఞ ఇస్తే డేటాబేస్ తన అంచనా, జరిగిన నిజం పక్కపక్కనే చూపిస్తుంది. ఇచ్చి చూశాను. రాయగడ దాతలు 1 అని అంచనా, వచ్చింది 3,000. ఒక్కరే కదా అని దానాల పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదవడానికి సిద్ధపడింది. అందులో 2 లక్షల పద్దులు. మూడు వేలసార్లు చదివితే 60 కోట్లు!

అంచనా ఎందుకు తప్పింది? రాయగడ పాత రిజిస్టర్లు ఎక్కించేటప్పుడు, పని త్వరగా అవుతుందని, లెక్కలు తాజాపరిచే ఆటోవాక్యూమ్‌ను నేనే ఆపాను. మళ్ళీ పెట్టడం మరిచాను. దాని లెక్కల్లో రాయగడ అనే ఊరే లేదు.

"అనలైజ్" అని ఒక్క మాట టైపు చేశాను. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, అది కొన్ని వరుసలు మచ్చుకు తీసి లెక్క సరిచేసుకుంటుంది. మళ్ళీ అడిగితే జాబితా అర సెకనులో వచ్చింది. ఆటోవాక్యూమ్ తిరిగి పెట్టి, దానాల పుస్తకానికి ఇండెక్స్ కూడా వేశాను.

ఒక హెచ్చరిక. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ మనమిచ్చిన పనిని నిజంగానే చేసి చూస్తుంది. చెరిపివేసే ఆజ్ఞల ముందు తగిలించారో, పద్దులు పోతాయి జాగ్రత్త!

కొత్త మిషనుకు డబ్బు తీసే ముందు పాతదాన్ని ఒక్క మాట అడగండి: "ఎంతమంది అనుకున్నావు? ఎంతమంది వచ్చారు?" మా వాడిప్పుడు ఆ ప్రశ్నే ముందు అడుగుతున్నాడు.